పిండి చల్లిన పదో వరుస

పల్లెల్లో మమ్మల్ని ‘రాళ్లోళ్లు’ అనేవాళ్లు. పొలాల్లోనో, కంపచెట్ల మధ్యనో పడి ఉన్న పాత శాసనాలను వెతకడం, అరిగిన అక్షరాల్లో బియ్యప్పిండి పూసి, పొద్దుటి ఏటవాలు ఎండలో ఫోటో తీసుకోవడం మా ఆదివారాల సరదా. గుంపుకి పెద్ద, రిటైరైన తెలుగు మాస్టరు. అందరం సార్ అనేవాళ్లం. బైకు మెకానిక్ అన్నకు తెలియని బండిబాట లేదు. నేను బెంగళూరులో పెరిగి, ఇంటి నుంచే ఉద్యోగం కదా అని అనంతపురం వచ్చి, విసుగెత్తి వీళ్లలో చేరాను. ఫోటోలు, రీళ్లు, వాట్సాప్ గ్రూపు నా చేతిలో ఉండేవి.

కర్ణాటక సరిహద్దున గుమ్మఘట్ట వైపు శాసనాలు సగం పాత కన్నడంలో ఉంటాయి. సార్ ఒక్కో అక్షరం కూడబలుక్కునేవారు కానీ మాట తేలేది కాదు. నాకు వచ్చింది బస్సు బోర్డుల కన్నడమే.

అలాంటప్పుడు ఒక అక్క వచ్చింది. వెలిసిన నీలం నూలుచీర, భుజాన గుడ్డసంచి, ఫోన్ లేదు. సార్ నెలరోజులుగా కుస్తీ పడుతున్న రాయి ముందు కూర్చుని, పిండి చల్లి, వేలు పెట్టి పేపర్ చదివినట్టు చదివేసింది. సార్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

తిరుగుదారిలో మెకానిక్ అన్న బండి ఆపాడు. “సార్, ఆ నీలం చీర సూసినారా? ఆశ్రమమోళ్లు కట్టేది అదే.”

ఆ ఆశ్రమం పేరెత్తితే అన్నకు ఒళ్లు మండుతుంది. ఆయన మేనల్లుడు అందులో చేరి, కన్నతల్లి చచ్చిపోతే చివరిచూపుకు కూడా రాలేదు. మా కోపానికి ఇంకో కారణం ఉంది. మేం ఫోటో తీసిన రెండు వీరగల్లులు, పోరులో చనిపోయిన వీరుల బొమ్మరాళ్లు, మాయమై అక్కడ తేలాయి. పోయిన జన్మలో తమ గురువే నాటినవట!

మరుసటి వారం నేనే ముఖం మీద అడిగేశాను. “అక్కా, మీరు ఆశ్రమంలో ఉంటారా?”

“ఉంటా.”

“మల్ల మాకాడ ఏం పని?” అన్నాడు అన్న.

“సదివేదానికి వస్తాండానన్నా. అంతే.”

“సదివి, ఆడికిపోయి సెప్పేదానికా?”

ఆమె వంగి రాయి మీది మట్టి తుడవసాగింది. సార్ మాత్రం నవ్వి, “ఏమప్పా, మనకు సదివేటోళ్లు కావల్ల, ఆయమ్మకు రాళ్లు కావల్ల. గమ్మునుండండి” అన్నారు. ఆయనకు ఆమె అవసరం. మాకూ అవసరమే. అందుకే అనుమానిస్తూనే తిప్పుకున్నాం. ఆమె వచ్చినప్పుడు మేం మాటలు ఆపేవాళ్లం. ఆమె చెవిన పడకూడని మాటలు గ్రూపులో రాసుకుందామంది కూడా నేనే.

తర్వాత ఒక వేరుశనగ చేలో పెద్ద రాయి దొరికింది. రైతు దానికి మేకను కట్టేసేవాడు. తొమ్మిది వరుసలు నేల పైన, మిగతావి మట్టిలో. అక్క ఒక్కో వరుసా చదువుతూ వచ్చి, తొమ్మిదో వరుస దగ్గర ఆగి మా వైపు తిరిగింది. ఆమె ముఖంలో అంత వెలుగు అంతకుముందు చూడలేదు.

“ఈ ఊరికి సెరువు తవ్విచ్చింది ఆడమనిషి సార్. ఆయమ్మ పేరు కింది వరసలో ఉంటాది.”

అప్పటికే ఎండ నడినెత్తికొచ్చింది. వచ్చే ఆదివారం గడ్డపార తెచ్చి తవ్వుదామనుకున్నాం. నేను ఫోన్ ఎత్తి వీడియో తీస్తుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. “పాపా, నా మొగము పెట్టాకు. ఈ రాయి యాడుండాదో పెట్టాకు.”

సాయంత్రానికి రీల్ పెట్టేశాను. ముఖం లేదు. చేతులు, పిండి, అక్షరాలు. ఆమె మాట మన్నించాననే అనుకున్నాను.

ఆదివారం వెళ్తే రాయి లేదు, గుంత ఉంది. గుంత పక్కన మాకంటే ముందే వచ్చిన అక్క నిలబడి ఉంది. రైతును అడిగితే కసురుకున్నాడు.

“ఆశ్రమమోళ్లు ట్రాక్టరు తెచ్చి పెరుక్కోని పోయినారు. బోరు ఏపిస్తామన్యారు, ఇచ్చేసినా. మీరేమిచ్చినారు? ఫోటో తీసుకోని పోయినారు!”

 నేరుగా ఆమె మీదికి వెళ్లాను. “నువ్వే కదా చెప్పింది? ఎంత నటించావు!”

“నేను సెప్పలేదు పాపా.”

“గమ్మునుండు పాపా, అడిగి సూద్దాం” అన్నారు సార్.

“ఇంకా అడిగేదేముండాది సార్?” అన్నాడు అన్న.

ఆమె ముఖానికి దగ్గరగా ఫోన్ పెట్టి ఫోటో తీశాను. ‘రాళ్ల దొంగ’ అని రాసి, ఆశ్రమం పేరు కూడా జతచేసి, అక్కడికక్కడే అందరికీ కనిపించేలా పెట్టేశాను. ఆమె సంచిలోంచి పిండి పొట్లం తీసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ సంచిలో పెట్టుకుని, బస్సు రోడ్డు వైపు నడిచింది. ఎవరూ పిలవలేదు.

మూడు వారాల తర్వాత, వాళ్ల గుట్టు వీడియో తీసి పెడతానని సార్‌ని వెంటేసుకుని ఆశ్రమానికి వెళ్లాను. గేటు దగ్గరే ఫోన్ తీసేసుకున్నారు. సార్‌కి మోకాళ్ల నొప్పి, గేటు బయటే కూర్చున్నారు. కాపలా అతను మంచివాడే, నా రీళ్లు చూస్తాడట, గుర్తుపట్టి రాయి దాకా తోడొచ్చాడు.

“మీ రీల్ సూసే కదక్కా మావోళ్లు పోయింది” అన్నాడు మెచ్చుకోలుగా. “ఎనకాల ఊరిపేరు బోర్డు సక్కగా కనపడె. బలే తీసినావు!”

 ఆ అక్క గురించి అడిగాను.

“ఆయమ్మా? మీరేసిన ఫోటో మా పెద్దాయనకు ఎవురో సూపించినారు. వైద్యశిబిరానికని సెప్పి ఆదివారాలు మీకాడికి వస్తాండెనంట. ఇప్పుడు మౌనంలో పెట్టినారు. గేటు దాటేది లేదు, ఎవురితో మాట్లాడేది లేదు.”

“ఎన్నాళ్లు?”

“అది మాకేం తెలుస్తాదక్కా.”

రాయికి నూనె పూసి, కుంకుమ పెట్టి, చుట్టూ టైల్స్ పరిచారు. అడుగుభాగం సిమెంటులో పాతారు. నేను మోకాళ్ల మీద కూర్చుని వరుసలు లెక్కపెట్టాను. పదో వరుసలో అక్షరాల పైసగమే కనిపిస్తోంది, కిందిసగం సిమెంటులోకి పోయింది. ఆ పైసగాల గాడుల్లో తెల్లగా పిండి ఉంది. మేం చూసిన రోజు ఆ వరుస మట్టిలోనే ఉంది, అది మేం పూసింది కాదు. సిమెంటు పోసేలోపు ఎవరో వచ్చి చల్లి చదివారు. ఆ చోట అలా చదవడం తెలిసిన మనిషి ఒక్కరే.

చెయ్యి అలవాటుగా ఫోన్ కోసం వెళ్లింది. జేబు ఖాళీ.

బయటికొస్తే సార్ లేచి నిలబడ్డారు. “పేరు కనపడిందా పాపా?”

“సిమెంటులో పోయింది సార్.”

పిండి సంగతి చెప్పలేదు. బోర్డు సంగతీ చెప్పలేదు. ఫోన్ చేతికి రాగానే ఆ ఫోటో తీసేశాను కానీ, అప్పటికే ఎవరెవరో పంచుకున్నారు. ఇంకా ఎక్కడెక్కడో తిరుగుతోంది. ఆ రోజే గ్రూపులో అన్న మెసేజ్ పెట్టాడు: ‘నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నా, ఆయమ్మను నమ్మొద్దని.’ దాని కింద అందరూ బొటనవేళ్లు పెట్టారు. అందులో నాది కూడా ఉంది.