ఆర్నెల్లు విడిచిన ఇల్లు

మదనపల్లెలో డిగ్రీ చదివినన్నాళ్లూ పుంగనూరు నుంచి బస్సులో వెళ్లి వచ్చాను కాబట్టి అద్దె ఇల్లు వెతకడమంటే ఏమిటో నాకు తెలియదు. కుప్పంలో ఎమ్మేలో చేరాక తెలిసింది. హాస్టల్ అప్పటికే నిండిపోయింది. మూడు వారాలు చెప్పులరిగేలా తిరిగాను. ఒకాయన ఒంటరి ఆడపిల్లకు ఇవ్వనన్నాడు. ఒకామె నేనేం తింటానో, మావాళ్లు ఎవరో, మా అమ్మ తరఫువాళ్లు ఎవరో అన్నీ అడిగి, తీరా గది ఖాళీ లేదంది. గది తలుపు మాత్రం నా ఎదుటే బార్లా తెరిచి ఉంది. ఒళ్లు మండిపోయింది.

చివరికి ఏమీ అడక్కుండా ఒకరు ఇల్లే ఇచ్చేశారు. ఆ ఇంటి ముసలామె మంచిది కాని నక్షత్రంలో చనిపోయిందట. అలా పోతే ఇంటివాళ్లు ఆర్నెల్లు ఇల్లు విడిచిపెట్టాలి, గడప తొక్కకూడదు. కొడుకూ కోడలూ పక్కవీధికి మారారు. బయటివాళ్లకు దోషం అంటదు, సాయంత్రం దీపం పెట్టే మనిషుంటే చాలన్నారు.

"భయపడతావా పాపా?" అని అడిగింది కోడలు.

"ఇల్లు దొరక్కుంటేనే భయం అక్కా."

ముసలామె గదికి తాళం లేదు, గొళ్లెం మాత్రమే. లోపల గూట్లో ఆకూవక్కా దంచుకునే చిన్న రోలు, దానికి ఎండిపోయిన ఎర్రటి మరక. ఒక్కసారి చూసి గొళ్లెం పెట్టేశాను. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఏ చప్పుడూ లేదు. మధ్యాహ్నం పూట వీధిలో కుక్క అరుపు కూడా లోపలికి వచ్చేది కాదు. ఆ నిశ్శబ్దమే నాకు నచ్చేది కాదు.

ఆర్నెల్లు నిండబోతుండగా కోడలు వచ్చి గడప బయట నిలబడింది. నా పరీక్షలకు ఇంకా నెల ఉంది.

"వచ్చే వారం శాంతి చేయించుకోని వచ్చేస్తాం పాపా. లోపల ఏమన్నా అలికిడి ఉండాదా? ఉంటే ఇంకో రెండు నెలలు ఆగమన్నాడు అయ్యవారు."

మళ్లీ ఆ వీధులు, ఆ ప్రశ్నలు కళ్లముందు తిరిగాయి. పరీక్షల ముందు ఎక్కడికని పోను?

"మధ్యాహ్నం పూట ఏదో దంచినట్టు వినపడతాండాది అక్కా" అనేశాను.

ఆమె ముఖం పాలిపోయింది. నాకు సిగ్గేసింది. ఇల్లు మాత్రం దక్కింది.

మర్నాటి నుంచి కొడుకు రావడం మొదలుపెట్టాడు. యాభై దాటిన మనిషి, పాలవ్యాపారం. మధ్యాహ్నం వచ్చి గడప బయటి మెట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. గంటసేపు కూర్చుని, నాతో ఒక్క మాటైనా లేకుండా వెళ్లిపోయేవాడు. ఆయన్ని చూస్తే నాకు ముద్ద దిగేది కాదు.

ఆఖరి పరీక్ష రాసి వచ్చేసరికి ఆయన మెట్టు మీదే ఉన్నాడు. ఇక ఉండబట్టలేకపోయాను.

"అన్నా, నన్ను క్షమించు. చప్పుడేమీ లేదు. ఇల్లు పోతాదని అబద్ధం చెప్పినాను."

తిడతాడనుకున్నాను. ఆయన నింపాదిగా తలూపాడు.

"మొదట్లో నేనూ అట్లే అనుకున్నా పాపా. నువ్వు కాలేజీకి పోయినబ్బుడు వచ్చి సూసినా. ఏమీ లేదు. నువ్వు లోపల సదువుకుంటా ఉంటేనే మా అమ్మ దంచుతాది. నీ కుర్చీ ఎనకాల నుంచే వస్తాది."

బట్టలు, పుస్తకాలు, సర్టిఫికెట్లు అన్నీ లోపలే ఉన్నాయి. తోడు రమ్మని అడిగాను. శాంతి అయ్యేదాకా గడప తొక్కకూడదన్నాడు.

"ఎబ్బుడు పోతాండావు ఊరికి?"

"ఈరోజే అన్నా. సాయంత్రం బస్సుకు."

ఆయన తువ్వాలు లాక్కుని పక్కకు జరిగి నాకు దారి ఇచ్చాడు.

"అట్లయితే పోమ్మా, కొంచేపు లోపల కూసో. మళ్లా నాకు వినపడదు."

తలుపు తీసి లోపలికి వెళ్లి, కుర్చీలో కూర్చున్నాను.