ఊకెనే పోవుడు

ఆ ఏడు జూనియర్ సైక్లింగ్ ఎంపిక నాకు చివరిది. మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది. ఎంపికైతే హాస్టల్ సీటు, మంచి సైకిల్. లేకపోతే హాలియా దగ్గర మా ఊరు, మా గొర్రెలు. గొర్రెల మీద నాకేం కోపం లేదు. వాటి వెనకే ముసలిదాన్ని అయిపోతానేమోనన్న భయం మాత్రం అన్నం తింటున్నా వదిలేది కాదు.

బడిలో ఆటలు నేర్పే సారు తన రేసు సైకిల్ నాకిచ్చాడు. ఆయనకు వీడియోలు చూసి రాసుకునే పిచ్చి. తొక్కడానికీ ఒక శాస్త్రముందని మొదట చెప్పింది ఆయనే. పొద్దున మంచం దిగకముందే మెడ మీద వేళ్లు పెట్టి, నిమిషం సేపు నాడి లెక్కపెట్టి నోటుబుక్కులో రాయమన్నాడు. అంకె తగ్గుతూ పోతే ఒళ్లు గట్టిపడుతున్నట్టు, పెరిగితే అలుపు తీరనట్టు. తొక్కడానికి వేసిచ్చిన టైంటేబుల్‌లో బుధ, ఆదివారాల దగ్గర ఎర్ర పెన్నుతో 'రెస్ట్' అని రాశాడు.

"తొక్కినరోజు గాదు బిడ్డా, రెస్టు రోజే బలం పడతది. జర యాదికుంచుకో" అన్నాడు.

అప్పటికే నాయినకు మోకాలు వాచి ఉంది. టైంటేబుల్ చదివించుకుని విన్నాడు.

"వారానికి రెండు దినాలు రెస్టా? మంచిగైంది పో! గా దినాలు నువ్వు గొర్లెంబడి పో, నా కాలుకు గూడ రెస్టు దొర్కుతది."

నాకూ అందులో తప్పు కనిపించలేదు. సైకిల్ దిగితే రెస్టే కదా! మా ఇంట్లో నాట్లేయడం పని, మూటలు మోయడం పని. మంద వెంట నడవడం పని కాదు, 'ఊకెనే పోవుడు'. పొద్దున సద్ది కట్టుకుని బయలుదేరితే కోసిన మడులు, కాల్వ కట్ట, గుట్ట చుట్టూ తిరిగి పొద్దుగూకాక ఇల్లు చేరేదాన్ని. నడవలేని గొర్రెపిల్ల ఉంటే భుజాన వేసుకునేదాన్ని. అదీ నా రెస్టు.

మూడో వారం నుంచి అంకె పెరగడం మొదలైంది. సారు చూస్తే నన్ను వద్దంటాడేమో, సైకిల్ తీసేసుకుంటాడేమో! ఆరు తగ్గించి రాశాను. మరునాడు ఎనిమిది తగ్గించాను. ఆ తర్వాత లెక్కపెట్టడం కూడా మానేసి, నచ్చిన అంకె వేశాను.

సారు బుక్కు చూసి మురిసిపోయాడు. "శభాష్! నీ ఒళ్లు మాట వింటాంది. ఇగ జోరు పెంచుదాం."

పెంచాడు. సాగర్ రోడ్డు ఎత్తు మీద ఒకటికి రెండు సార్లు ఎక్కించాడు. నాకు ముద్ద దిగేది కాదు, నిద్ర పట్టేది కాదు. ఓ రోజు కాల్వ కట్ట మీద సైకిల్ పడేసి, నేలను గుద్దుతూ ఏడ్చాను. అయినా మరునాడు బుక్కులో మళ్లీ తక్కువ అంకే వేశాను. ఎంత మొండిదాన్నో, అంత పిచ్చిదాన్ని.

నల్లగొండలో పోటీ రోజున సగం దూరానికే కాళ్లు చచ్చిపోయాయి. పెడళ్ల మీద లేచి నిలబడ్డాను, నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక్కొక్కరినీ విడిగా వదిలే ఆ పోటీలో, నా తర్వాత బయలుదేరిన ముగ్గురు పిల్లలు నన్ను దాటిపోయారు. జాబితాలో నా పేరు లేదు.

తిరుగు బస్సులో సారు బుక్కు తిరగేస్తూనే ఉన్నాడు. "అంకెలు మంచిగనే ఉన్నయి. నేనే యాడనో తప్పిన బిడ్డా. నీ బతుకు ఆగం చేసిన." నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అప్పుడు చెప్పకపోవడమే నేను జీవితంలో చేసిన అన్నిటికన్నా పాడుపని.

ఆ బుధవారం ఆయన నాయినతో మాట్లాడదామని మా ఇంటికి వచ్చాడు. సాయంత్రం నేను మందను తోలుకొచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో బుక్కు. నాయిన గొప్పగా చెబుతున్నాడు.

"మీరు రెస్టిచ్చిన దినమల్లా నా బిడ్డనే పోతది సార్. పొద్దటిసంది గిప్పటిదాకా. ఊకెనే పోవుడే గద!"

సారు నా వైపు చూశాడు. నా కాళ్ల దుమ్మును, భుజం మీది గొర్రెపిల్లను చూశాడు.

"మరి నాడి?"

పిల్లను కిందికి దించాను. "అబద్ధం రాసిన సార్."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టాడు. బుక్కులో చివరి గీత మీద ఆ అంకె రాశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

నాయిన కంగారుపడ్డాడు. "ఏమైంది సార్? జరం గిట్ల వచ్చిందా?"

"జరం గాదు. బాగ అలిసిపోయింది."

"అలుసుడేంది సార్," అన్నాడు నాయిన, "ఇయ్యాల రెస్టే గద!"