బాపు అంగీకి రెండు భుజాలు

పోయిన ఎండాకాలం నాటికి నా దగ్గర మూడు పాత కుట్టుమిషన్లు, వాటి మీద నేను కుట్టిన మూడు బట్టలు ఉండేవి. లెక్క సమానంగానే కనిపిస్తుంది గాని, ఆ బట్టల్లో రెండు దిండు గలీబులు. మూడోది కుర్తాగా మొదలై, మెడ దగ్గర చేసిన పొరపాటు వల్ల గలీబుగానే ముగిసింది.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. కరీంనగర్‌లో గ్రానైట్ కోసే యంత్రాల బాగోగులు చూస్తుంటాను. కాబట్టి బట్ట కంటే మిషనే నాకు దగ్గర చుట్టం. ప్రతి మిషన్‌కూ నోటుపుస్తకంలో ఒక పేజీ ఉంది: దాని మీద చెక్కిన నంబరు, తుప్పు పట్టిన చోట్లు, పోయిన భాగాలు, విప్పిన తేదీ, మళ్లీ బిగించాక మిగిలిపోయిన మరలు. ఈ చివరి గడి ఖాళీగా ఉండాలి. నా పుస్తకంలో ఎప్పుడూ లేదు. మెట్‌పల్లిలో పాత సామాన్ల కొట్టులో సైకిల్ చట్రాల కింద దొరికిన చేతిమిషన్‌కు రెండు మరలు మిగిలాయి. అయినా చక్కగా తిరుగుతుంది. ఆ రెండూ దేనికి ఉండేవో ఇప్పటికీ తెలియదు.

మూడో మిషన్ భైంసాది. ఇనుప కాళ్లది, తొక్కుడు మిషన్. నలభై ఏళ్లు దాని మీదే కుట్టిన దర్జీ, మోకాళ్లు సహకరించక దుకాణం మూసేస్తున్నాడని తెలిసి వెళ్లాను. నేను సూది దగ్గర టార్చిలైటు వేసి, వంగి, పళ్లచక్రాల అరుగుదల చూస్తుంటే ఆయన చాలాసేపు ఓపిక పట్టాడు.

“కుట్టుడు వస్తదా బేటా?”

“మిషన్ మొత్తం విప్పి బిగిస్త చాచా.”

“నేను మిషన్ సంగతి అడుగలే.”

నేను టార్చిలైటు ఆర్పేశాను. ఆయన నవ్వి, తన ఫోన్ నంబరు ఇచ్చాడు. మిషన్ ఆగితే చెయ్యమని కాదట, నేను ఆగితే చెయ్యమని.

ఆ నెలలోనే బాపు, అంటే మా నాన్న, రిటైర్మెంట్ ఖాయమైంది. నస్పూర్ దగ్గర బొగ్గుగనిలో ముప్పై ఏళ్లకు పైగా భూమి లోపల పనిచేశాడు. నెలాఖరున గని దగ్గర సభ ఉంటుంది, పనివాళ్లందరి ముందు వేదిక మీద కూర్చోబెడతారు. ఆ రోజు వేసుకునే అంగీ నేనే కుడతానని ఫోన్‌లో ప్రకటించాను. అవతల ఫోన్ ఎత్తింది అవ్వ, మా అమ్మ.

“జర సోంచాయించి చెప్పు కొడుకా. గది నలుగురి ముందర వేసుకునేది. దిండుకు తొడిగేది గాదు.”

బాపు ఫోన్ అందుకుని “కుట్టనీ” అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు షిఫ్టులో అందరికీ చెప్పాడట, మా వాడు నాకు అంగీ కుడుతుండని. అవ్వ కొనిపెట్టాలనుకున్న రెడీమేడ్ అంగీ కూడా వద్దన్నాడు. నేను చెడగొడితే పోయేది బట్ట కాదు, గనిలో బాపు మాట.

ఆదివారం నస్పూర్ వెళ్లి కొలతలు తీశాను. మొత్తం పద్నాలుగు. ఒక్కోటి మూడుసార్లు తీసి, సగటు రాసుకున్నాను. దర్జీలు ఎవరూ తీయని కొలత కూడా ఒకటి తీశాను, నేల నుంచి భుజం దాకా. కుడివైపు ఎడమవైపు కంటే అంగుళం తక్కువ వచ్చింది.

“బాపూ, సక్కగ నిలవడు.”

“నిలవడ్డ గదరా.”

మళ్లీ తీశాను. మళ్లీ అంగుళం. మాకు కాలేజీలో నేర్పిన పద్ధతి ఒకటుంది: రెండు పక్కలా ఒకేలా ఉండాల్సిన భాగంలో రెండు కొలతలు వస్తే తప్పు కొలతది, భాగానిది కాదు. కాబట్టి రెండు భుజాలనూ కలిపి సగం చేశాను. కంప్యూటర్‌లో గీసి, కాగితాల మీద అచ్చు తీసి, అంటించి, బట్ట మీద పరిచి కత్తిరించాను. మూడు గలీబుల తర్వాత నా మీద నాకు అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు ఆశ్చర్యమేస్తుంది.

తర్వాతి ఆదివారం అంగీ తొడిగి చూశాం. కాలర్ ఎడమవైపు మెడను నొక్కుతోంది, కుడివైపు లేచి చెవి దాకా వస్తోంది. మెడ నుంచి కుడి చంక దాకా ఏటవాలుగా ఒక మడత పడింది. అంచు ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి.

“గాలికి ఒరిగిన కందిచెట్టు లెక్క ఉన్నవ్” అంది అవ్వ.

బాపు అద్దంలో చూసుకుని, “మంచిగనే ఉన్నది. గిట్ల నిలవడితె సరిపోతది” అంటూ కుడి భుజం పైకెత్తి పట్టాడు. నిజమే, మడత పోయింది. అలా భుజం ఎగేసుకునే టీ తాగాడు. నేను కుట్టిన అంగీకి సరిపోవడానికి బాపు తనను తాను ఆల్టరేషన్ చేసుకుంటున్నాడు. ఇక ఫోన్ తీసి భైంసా చాచాకు వీడియో కాల్ చేశాను.

చాచా కొలతలు అడగలేదు. రెండు భుజాలనూ కలిపి సగం చేశానని చెప్పి, పద్నాలుగూ చదవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “అంగీ విప్పుమను. బనీను మీద గోడ దాక నడువుమను.” బాపు నడిచాడు, తిరిగి వచ్చాడు.

“అన్నా, కుడి భుజం మీద ఏం మోసినవ్?”

“దుంగలు. లోపల పైకప్పు కూలకుంట నిలవెట్టేటియి” అన్నాడు బాపు. “ఇరవై ఏండ్లు మోసిన.”

“వారెవ్వా! నువ్వు కుడి భుజం మీద మోసినదాన్ని నీ కొడుకు సగం జేసి ఎడమ భుజానికి గూడ పంచిండు.”

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బాపు అడ్డం పెట్టుకోకుండానే నవ్వాడు. నేను నోటుపుస్తకం మూసేశాను.

చాచా రెండు దారులు చెప్పాడు. కుడి భుజం కింద మెత్త పెట్టి కుడితే రెండు పక్కలా సమానంగా కనిపిస్తుంది. లేదా రెండు భుజాలను రెండు తీర్లుగా కోయాలి, భుజం ఎంత దించితే చంక అంత దించాలి. నేను మెత్త అనబోయాను. “మెత్త వద్దు, చెమట వోస్తది” అన్నాడు బాపు. తేలిపోయింది. కుట్టు లోపల ఎంత బట్ట వదిలానని చాచా అడిగితే, సరిగ్గా ఒక సెంటీమీటర్ అని గర్వంగా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. “మనిషికి కుట్టేటప్పుడు లోపల బట్ట విడువాలె బేటా. రేపు మనిషి మారడా?”

ఎడమవైపుకు బట్ట చాలక, భుజాల మీది పట్టీ మిగిలిన ముక్కలోంచి కొత్తగా కోసుకోవాల్సి వచ్చింది. మొదటిసారి విప్పి మళ్లీ కుట్టి చూస్తే ఎడమ భుజం దిగింది. బట్టను తిరగేసి గుర్తు పెట్టుకున్నాను గనుక కుడి ఎడమైంది. మిగులు అంచు కత్తిరించకముందే చూసుకోవడం వల్ల బట్ట బతికింది. రెండోసారి విప్పాను. ఆ పై ఆదివారం బాపుకు తొడిగితే భుజం కుదిరింది గాని చంక బిగిసింది, భుజంతో పాటు దించమన్న సంగతి మరిచాను. మూడోసారి విప్పి, చంక దించి కుట్టాను. సభకు ముందురోజు పొద్దున అంగీని బస్సులో ఒళ్లో పెట్టుకుని నస్పూర్ చేరాను. బాపు తొడుక్కుని చేతులు కిందికి వదిలేశాడు. భుజం ఎగెయ్యలేదు. అవ్వ చుట్టూ తిరిగి చూసి ఏమీ అనలేదు. మా ఇంట్లో అంతకు మించిన మెప్పు లేదు.

సభలో బాపు వేదిక ఎక్కిన నిమిషానికే ఒకరు శాలువా కప్పారు. దాని మీద ఇంకొకరు పూలదండ వేశారు. దాని మీద మరో దండ. ఇన్ని వారాల నా పనిలో జనానికి కనిపించింది కాలర్ కొసలు, అవీ బంతిపూల సందులోంచి. ఫోటోలన్నీ అలాగే వచ్చాయి.

సభ అయ్యాక ఉక్కకు తట్టుకోలేక బాపు దండలు, శాలువా తీసి అవ్వ చేతికిచ్చాడు. చుట్టూ ఆయనతో పనిచేసినవాళ్లు. ఒకాయన దగ్గరికొచ్చి కుడి భుజం మీద కుట్టును వేలితో తడిమి చూశాడు.

“మంచిగ కూసున్నది గదనే. ఎవలు కుట్టిండ్రు?”

“మా వాడే. మూడు తాపల విప్పిండు” అన్నాడు బాపు అందరికీ వినబడేలా.

నవ్వులు ఆగాక, కుట్టు తడిమి చూసినాయన నా వైపు తిరిగి తన భుజం చూపించాడు. “నాది ఎడమ దిక్కు దిగింది బిడ్డా. ఏ దుకాణంల కొన్నా కాలర్ మెడకెక్కుతది. వచ్చే ఏడాది నాది రిటైర్మెంటు. నాకు గూడ కుడుతవా?”

నేను నోరు తెరిచేలోపే బాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“కుడుతడు. గాని ఇప్పుడే కొలతలియ్యి. మావోనికి టైం పడ్తది.”