ఆహా గారి అక్క

వారానికోసారి సాయంత్రం పూట రేడియోలో "కొత్త పుస్తకంతో కాసేపు" అనే కార్యక్రమం వస్తుంది. దాన్ని నడిపే పెద్దమనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, వీధిలో దాన్ని ఎవరూ వాడరు. రచయిత ఏది చెప్పినా "ఆహా" అంటాడు కాబట్టి అందరికీ ఆయన ఆహా గారు. పైకి ఒక్కలాగే వినిపించినా ఆ ఆహాల్లో జాతులున్నాయి. విషయం అర్థమైతే పొట్టిగా వస్తుంది. అర్థం కాకపోతే సాగుతుంది. రచయిత తనను తాను పొగుడుకుంటున్నప్పుడు మాత్రం దీపం వత్తి తగ్గించినట్టు గొంతు అడుగున మినుకుమంటుంది. ఈ శాస్త్రంలో పండితురాలు లోకంలో ఒక్కతే. ఆయన అక్క.

అక్క ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేస్తుంది. కొత్తవి కుట్టదు. ఒళ్ళు చేసినవాళ్ళకి నడుము వదులు చేయడం, చిక్కినవాళ్ళకి బిగించడం, అన్న తొడిగి వదిలేసినదాన్ని తమ్ముడికి తగ్గించడం ఆమె వృత్తి. "మనుషులు మారిపోతుంటే బట్టలకి నచ్చజెప్పడం నా పని" అని ఆమె ఒకసారి అంటే, తమ్ముడు మరుసటి వారమే ఆ మాటని రేడియోలో తన సొంతమాటగా వాడేశాడు. ఆమె మురిసిపోయింది. అనుమానించవలసింది అప్పుడే. కానీ సొంత తమ్ముణ్ణి అనుమానించడానికి మనిషికి తీరిక ఉండొద్దూ.

ఇక్కడ ఒక గుట్టు విప్పక తప్పదు. ఆహా గారు పుస్తకాలు చదవడు. బద్ధకమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. మూడో పేజీ తిప్పేసరికి నిద్ర ముంచుకొస్తుంది. వైద్యుడికి చూపించుకుంటే, నిద్ర పట్టని రోగులు తన దగ్గర బోలెడుమంది ఉన్నారనీ, ఇది జబ్బు కింద రాదనీ ఆయన తేల్చేశాడు. అందుచేత కార్యక్రమానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ అక్కే చదువుతుంది. చదివి, వంటింట్లో తమ్ముడు బఠాణీలు ఒలుస్తూ కూర్చుంటే కథంతా చెబుతుంది. ఆఖర్న ఏమేం అడగాలో కూడా చెబుతుంది. ఆయనకి జ్ఞాపకశక్తి మాత్రం అమోఘం. అక్క చెప్పినవి పొల్లు పోకుండా అడిగి వస్తాడు. "నా పుస్తకాన్ని ఇంత లోతుగా చదివినవాళ్ళు మీరొక్కరే" అని రచయితలు కళ్ళు తుడుచుకుంటారు. ఆ మెప్పుని ఇంటికి తెచ్చి అక్కకి నిజాయితీగా సగం పంచుతాడు.

అలాగని కార్యక్రమానికి ఆయన చేసింది సున్నా అనడం అన్యాయం. రచయితల చేత నోరు విప్పించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ప్రసారానికి ముందు ఎదురుబొదురు కుర్చీల్లో టీ తాగుతూ, మైకు ఇంకా మూగగా ఉన్నప్పుడే, తన ఇంటి సంగతి ఏదో ఒకటి గొంతు తగ్గించి చెబుతాడు. "మనం ఒకటి విప్పితే వాళ్ళు పది విప్పుతారక్కా" అని ఆమెకి ఈ కిటుకు గర్వంగా వివరించాడు కూడా. తమ్ముడు తన గురకలూ తన బట్టతలా విప్పుతున్నాడు కాబోలనుకుని ఆమె నవ్వుకుంది. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటన ఒక్కటీ లేదనీ, అన్నేళ్ళుగా అంతమంది ఎదుట విప్పడానికి సరుకు ఎక్కడినుంచి వస్తోందనీ ఆమెకి తట్టలేదు.

ఆమె జీవితంలో మాత్రం ఒక సంఘటన ఉంది. పెళ్ళయిన కొత్తలో భర్త ఒక పొద్దున యంత్రాలు బాగుచేసే పని మీద పొరుగూరు వెళ్ళాడు. పోట్లాట లేదు, మాటపట్టింపు లేదు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ "సాయంత్రానికి వచ్చేస్తా" అన్నాడు. రాలేదు. ఎక్కడో బాగానే ఉన్నాడని, వేరే ఇల్లు పెట్టాడని తర్వాత తెలిసింది. వీధికి ఆమె ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ ఊళ్ళు తిరిగే ఉద్యోగమనీ, పొద్దుపోయాక వచ్చి తెల్లారకముందే వెళ్ళిపోతాడనీ అంది. మాటకి సాక్ష్యం కావాలి కదా. ఆయన వదిలేసి వెళ్ళిన చొక్కాలున్నాయి. అప్పుడప్పుడూ వాటిని తన బట్టలతో పాటు ఉతికి, ఎదురింటివాళ్ళకి కనిపించేలా ముందువైపు తీగ మీద ఆరేసేది.

ఇందులో ఆమెకొక ధర్మసూక్ష్మం ఎదురైంది. మాయని చొక్కాని ఉతకడం శుద్ధ అబద్ధం. అందుకని ఉతికే ముందు మిషను నూనె కాస్త వేలికి తీసుకుని కాలరు లోపలివైపు రాసేది. అప్పుడది అబద్ధం కాదు, చాకిరీ. ఒకసారి ఆ పని చేస్తుండగా తమ్ముడు వచ్చి చూశాడు. ఆమె అంతా చెప్పింది. తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది నాతోనే మట్టిలో కలిసిపోతుందక్కా" అన్నాడు. అంత బరువైన మాట ఆమె అడగలేదు. ఆయనే ఇచ్చాడు.

ఈసారి వచ్చిన పుస్తకం నిండుగా గడ్డం పెంచిన ఒక రచయితది. గడ్డం రచయిత తమ్ముడికి ఆప్తుడు, కార్యక్రమానికి పాతకాపు. అక్క ఒక ప్యాంటు అంచు మడిచి, పుస్తకం మిషను బల్ల మీద తెరిచి పెట్టుకుంది. కొంతదూరం హాయిగానే సాగింది. తర్వాత ఒకావిడ వచ్చింది, భర్త వదిలేసినావిడ. తీగ వచ్చింది. చొక్కాలు వచ్చాయి. అయినా ఆమె, లోకంలో ఎవరి భర్త ఎప్పుడు వెళ్ళిపోలేదు, చొక్కాలు ఎవరింట లేవు అనుకుంటూ పేజీ తిప్పింది. తిప్పాక కాలరు వచ్చింది. ఆ కాలరుకి రాసిన మిషను నూనె వచ్చింది.

మిషను దానంతటదే కాసేపు తిరిగి ఆగింది. ప్యాంటు అంచు మీద కుట్టు వంకరగా పోయింది. కుట్టు వంకర పోవడం ఆమె చేతిలో ఎన్నడూ లేదు.

పుస్తకం చివరిదాకా చదివింది. చదవకుండా పక్కన పెట్టే అలవాటు లేదు. చివర్లో ఆ ఆవిడ కుండపోత వానలో నిలబడి, తడిసిన చొక్కాని వాటేసుకుని పేజీన్నర ఏడుస్తుంది. అక్కకి ఒళ్ళు మండింది. మబ్బు పడుతుంటే బట్టలు తీగ మీద వదిలేసే మనిషిగా తనని నలుగురిలో నిలబెట్టినందుకు మరీ మండింది.

సాయంత్రం తమ్ముడు ఎప్పటిలాగే బఠాణీల గిన్నె ముందేసుకుని కూర్చున్నాడు. ఆమె ఎప్పటిలాగే కథ చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. కాలరు దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు బఠాణీలు తొక్కల్లోకీ తొక్కలు గిన్నెలోకీ వేయడం మొదలుపెట్టాడు.

"తర్వాత?" అన్నాడు.

"వానలో చొక్కాని వాటేసుకుని ఏడుస్తుంది."

"అదేంటి, నువ్వెప్పుడూ అలా..." అని నాలిక కరుచుకున్నాడు.

"నా ప్రసక్తి ఎందుకొచ్చిందిరా ఇందులో? నేను కథ చెబుతున్నాను."

తమ్ముడు గిన్నెలోంచి తొక్కలు ఏరడం మొదలుపెట్టాడు. "ఏదో మాటవరసకి అన్నానక్కా ఎప్పుడో. ఆయన రాసేస్తాడనుకోలేదు."

"రచయిత రాయక ఏం చేస్తాడ్రా, ఉతుకుతాడా?"

ఆమె మామూలుగా ప్రశ్నలు చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకం ఎత్తుగడ గురించి, మధ్యలో నత్తనడక గురించి, ఆ వాన గురించి. చివరికి అంది: "ఆఖర్న ఇది అడుగు. ఈ చొక్కాల సంగతి మీకు ఎవరు చెప్పారు అని."

"ప్రత్యక్ష ప్రసారం అక్కా. వీధంతా వింటుంది."

"వీధి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఎవరి పక్కన కూర్చుంటావో అది చూసుకో."

ఆమె ఆశించింది పెద్దదేమీ కాదు. నమ్మి చెప్పిన మాట ఎందుకు రాశావయ్యా అని తమ్ముడు ఆ గడ్డాన్ని ఒక్కసారి నిలదీయాలి. మైకు ముందే అక్కర్లేదు, టీ దగ్గరైనా సరే. ఆ పని చేసిన మనిషి గొంతు ఆ తర్వాత మైకులో ఎలా ఉంటుందో ఆమె గుర్తుపట్టగలదు.

కార్యక్రమం రోజున ఎదురింటావిడ గౌను పట్టుకుని సరిగ్గా ఆ వేళకే వచ్చింది. నడుము వదులు చేయాలి. రేడియో మొదలైందని తెలిసి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ తమ్ముడి గొంతు వింటే తలనొప్పి పోతుందండీ" అంటూ. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుంది. గుండుసూదులు ఉంటే జవాబు చెప్పే బాధ ఉండదు.

గడ్డం రచయిత తన రచనాజీవితాన్ని తీరుబడిగా వివరించాడు. తాను ఎంత ఏకాంతంలో రాస్తాడో, పాత్రలు తనని ఎలా వేధిస్తాయో చెప్పాడు. తర్వాత కాలరు భాగం చదివి వినిపించాడు. గొంతు బాగుంది. అది ఒప్పుకోవాలి.

"కాలరుకి నూనె రాసి మరీ ఉతకడమేమిటండీ, పాపం పిచ్చిది కాకపోతే" అంది ఎదురింటావిడ.

అక్క గౌను మీద సూది గుచ్చింది.

ప్రశ్నలన్నీ అయ్యాయి. ఇంకొకటి మిగిలింది. రేడియోలో కాగితం చప్పుడు వినిపించింది. ఆహా గారు కాగితం చూసి అడిగే మనిషి కాదు.

"మా శ్రోత ఒకరు అడగమన్నారండి. ఈ చొక్కాల సంగతి మీకు... ఎవరైనా చెప్పారా?"

శ్రోత ఒకరు. అక్క గుండుసూదులు నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరూ చెప్పలేదండి," అన్నాడు గడ్డం రచయిత, నిండుగా నవ్వి. "ఒక తెల్లవారుజామున ఖాళీ చొక్కా ఒకటి నా కళ్ళముందు ఊగింది. అంతే. నేను రాశానంటే అది అబద్ధం. అదే రాయించుకుంది."

రేడియోలో నిశ్శబ్దం. రేడియో లెక్కల్లో అది చాలా పెద్దది. ఆ నిశ్శబ్దంలో ఒక మనిషి ఏ పక్కకైనా లేచి వెళ్ళొచ్చు.

"ఆహా," అన్నాడు తమ్ముడు.

ఈ ఆహా ఆమె జాబితాలో లేదు. పొట్టిదీ కాదు, సాగిందీ కాదు. ఎక్కడో విన్నదే అనిపించింది. కాసేపటికి గుర్తొచ్చింది. చిన్నప్పుడు అద్దం పగిలితే అమ్మ వచ్చి "అక్కే కదా పగలగొట్టింది?" అని అడిగింది. పగలగొట్టినవాడు నోరు మెదపకుండా తల ఊపాడు. ఆ తల ఊపుకి శబ్దం ఉంటే ఇదే.

ఆ రాత్రి తమ్ముడు ఆమెకిష్టమైన బిస్కెట్లు కొనుక్కుని వచ్చాడు. ముఖం వేలాడిపోయి ఉంది. క్షమాపణ కాబోలనుకుని ఆమె మిషను ఆపింది.

"విన్నావా అక్కా? ఎవరూ చెప్పలేదంట. తెల్లవారుజామున ఊగిందంట. నా ఎదురుగా, నా ముఖం చూస్తూ. చెప్పింది నేను కదా. మాటల్లో ఒక మిత్రుడు అన్నాడని అనడానికి నోరు రాలేదు చూడు. ఇన్నేళ్ళ స్నేహం. ఎంత నమ్మాను అతన్ని."

ఆమె తమ్ముడి ముఖంలోకి చూసింది. నటన లేదు. నిజంగానే గాయపడ్డాడు. తన సొత్తు ఎవరో కాజేసినట్టు, పిల్లవాడిలా పెదవి వణుకుతోంది.

"నిన్ను మోసం చేశాడన్నమాట," అంది.

"మరి కాదా?"

"పాపం," అంది అక్క. మిషను మళ్ళీ తిప్పింది. కోపం వస్తే బాగుండుననుకుంది. కోపానికి ఎదుట కాస్త సిగ్గుపడే మనిషి కావాలి. తమ్ముడు బిస్కెట్ల పొట్లం విప్పి తనే ఒకటి తిన్నాడు.

మర్నాడు పెట్టె తీసి భర్త చొక్కాలు బయట పెట్టింది. చేతులు కురచ చేసింది, భుజాలు లోపలికి తీసింది. తమ్ముడి కొలతలు ఆమెకి టేపు అక్కర్లేకుండా తెలుసు. ఉతికి తీగ మీద ఆరేసింది. ఈసారి కాలరుకి ఏమీ రాయలేదు. ఎదురింటావిడ గౌను కోసం వచ్చి, అలవాటుగా తీగ వైపు చూసి, "వారొచ్చారా అండీ?" అంది.

"లేదండి. ఆయన వదిలేసి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఇవి మా తమ్ముడికి తగ్గించాను."

ఎదురింటావిడ చూపు కాలరు మీదికి వెళ్ళింది, అక్కడినుంచి మిషను పక్కన నూనె డబ్బా మీదికి వెళ్ళింది. నిన్న అన్న మాట గుర్తొచ్చి ముఖం కందిపోయింది. "ఇంకాస్త వదులు చేస్తే బాగుండేదేమో కదండీ గౌను" అంది. అక్క చేస్తానంది. వీధి సంగతి చూసుకోవడం అంతటితో అయిపోయింది. ఇన్నేళ్ళు దీనికా భయపడింది అనుకుంటే ఆమెకే ఆశ్చర్యం వేసింది.

వారం తిరగ్గానే మరో పుస్తకం వచ్చింది. తమ్ముడు దాన్ని మిషను బల్ల మీద పెట్టి బఠాణీల గిన్నె కోసం చూశాడు. అక్క పుస్తకాన్ని తీసి, మడత పెట్టిన చొక్కాల మీద పెట్టి, అన్నీ కలిపి అతని చేతికిచ్చింది.

"నువ్వే చదువుకోరా."

"అక్కా, నా సంగతి తెలుసు కదా, మూడో పేజీకే..."

"చొక్కాలు నీకు సరిపోతాయి. తొడుక్కుని వెళ్ళు."

ఆ వారం కార్యక్రమంలో ఎవరో కవయిత్రి మాట్లాడింది. అక్క రేడియో పెట్టకూడదనే అనుకుంది. చెయ్యి అలవాటున పెట్టేసింది. "మీ పుస్తకం గురించి మీరే చెప్పండి" అని అడిగాడు తమ్ముడు. ఆవిడ చెప్పింది. ఆహా అన్నాడు. సాగే ఆహా. ఆవిడ ఇంకొంత చెప్పింది. ఆహా, ఇంకా సాగింది. మూడోసారి ఆవిడ, మీరు పుస్తకం చదివారా అని మర్యాదగానే అడిగింది.

అక్క చేతిలో సూది ఆగింది. దానికి ఏం చెప్పాలో ఆమె నాలిక చివరనే ఉంది. ముడి వేసి, దారం కొరికేసింది.