పదకొండో గది

మొన్నటి ఎండాకాలంలో కుందారపల్లి దగ్గర హైవే మీద స్కూటర్ జారి నా ఎడమకాలు విరిగింది. నాది ఒంగోలు వైపు. తమిళనాడు సరిహద్దు ఊరు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. కాలికి కట్టు వేసి ఆరు వారాలు అడుగు కింద పెట్టవద్దన్నారు. నాతో కలిసి ఉండే అమ్మాయి పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయేది. ఆమె వెళ్లాక ఇంట్లో నేనూ, తిరిగే ఫ్యానూ మిగిలేవాళ్లం.

మా ఆఫీసులో ఒక పెద్దాయనకు పాత వీడియో గేములు పోగుచేసే అలవాటుంది. నన్ను పలకరించడానికి వచ్చినప్పుడు ఒక పెట్టె, ఒక క్యాసెట్టు తెచ్చి టీవీకి తగిలించారు. "ఇది మాత్రం నా వల్ల కాలేదమ్మా," అన్నారు వెళుతూ. చిన్నప్పుడు సెలవుల్లో ఇలాంటివి చాలానే ఆడాను. రెండు రోజుల పని అనుకున్నాను.

ఆటలో ఒక కోట ఉంటుంది. దీపం పట్టుకున్న చిన్న మనిషిని ఒక గది నుంచి ఇంకో గదికి తీసుకుపోవాలి. ఏ తలుపు ఎలా తెరుచుకుంటుందో ఎక్కడా చెప్పరు. మధ్యలో వచ్చే రాతంతా జపాన్ లిపి. మూడు ప్రాణాలు, అవి పోతే మళ్లీ మొదటి గది. మొదటిరోజు సాయంత్రం దాకా ఆడినా రెండో గది దాటలేకపోయాను. విసుగెత్తి ఆట రిమోటు మంచం మీదకు విసిరేస్తే, ఆ విసురుకు కాలు కదిలి ప్రాణం పోయినంత పనైంది.

సరిగ్గా అప్పుడే పక్క వాటాలో ఉండే అక్క గిన్నెతో లోపలికి వచ్చింది. ఆమెది దగ్గర్లోని అత్తిముగం అనే ఊరు. గొర్రెలు మేపుకునే కుటుంబం. ఇప్పుడు గులాబీ తోటలో పూలు కట్టలు కట్టే పనికి పోతుంది. పొద్దు పొడవకముందే వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగొస్తుంది. నాకు దెబ్బ తగిలినప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి వండి తెచ్చేది.

"ఏమ్మా, కాలు నొస్తా ఉండాదా?"

"కాలు కాదక్కా, ఇదిగో ఇది," అని టీవీ చూపించాను.

ఆమె కాసేపు నిలబడే చూసింది. "ఆడ రాసిండేది ఏమి?"

"జపాన్ భాష. నాకు చదవడం రాదు."

"నీకూ రాదా?" అని గిన్నె పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. "నాకు తెలుగూ చదవను రాదు, అరవమూ రాదు. అట్లయితే దీని ముందర ఇద్దరమూ ఒకటే."

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చేది. మొదట్లో నేను ఆడుతుంటే చూసేది. ఆమె కళ్లకు నాకు కనిపించనివి కనిపించేవి. "ఆ మూల రాయి రంగు వేరే ఉండాది, ఆడ కొట్టి చూడు," అనేది. కొడితే రాయి జరిగి మెట్లు బయటపడేవి. తరువాత రిమోటు తనే అడిగి తీసుకుంది. ముళ్లు గీరుకుపోయిన ఆ వేళ్లు రెండు రోజుల్లో నాకన్నా చురుకుగా కదిలాయి. ఒక్కో గది దాటినప్పుడు ఆమె నా కట్టు మీద చిన్నగా తట్టేది, అంతే.

ఎనిమిదో గదిలో ఇరుక్కున్నాం. నాలుగు రోజులు ఆ గదిలోనే చచ్చి చచ్చి మళ్లీ మొదటికి వచ్చాం. అయిదో రోజు పొద్దున ఉండబట్టలేక ఫోన్‌లో వెతికాను. ఎవరో ఆ గది దాటుతున్న వీడియో దొరికింది. మధ్యాహ్నం అక్క వచ్చాక, అప్పుడే తోచినట్టు నటిస్తూ తలుపు తెరిచాను.

ఆమె నా కట్టు మీద తట్టలేదు.

"నిన్నటి దాకా తెలీని దారి ఈ పొద్దు ఎట్లా తెలిసె?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఫోన్‌లో చూశానక్కా."

"సరి," అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "నాకు ఫోన్‌లో వెతికేది రాదు. అది నీకు తెలుసు. ఇద్దరమూ ఒకటే అని కదమ్మా నేను ఈడ కూచుండేది," అంది.

రెండు రోజులు ఆమె రాలేదు. అన్నం మాత్రం నాతో ఉండే అమ్మాయి చేత పంపింది. మూడో రోజు కర్ర సాయంతో గోడ పట్టుకుని ఆమె వాకిలి దాకా వెళ్లాను.

"పెట్టె ఆపేశానక్కా. మొదటి గది నుంచి ఆడదాం. కావాలంటే ఫోన్ నీ దగ్గరే పెట్టుకో."

ఆమె నా వంక కాదు, నా కాలి వంక చూసింది. "ఈ కాలితో ఎందుకు వచ్చినావు? ఫోన్ నాకెందుకు, నువ్వు చెప్పినావు, చాలు. పద."

ఎనిమిదో గది వచ్చినప్పుడు రిమోటు ఆమెకిచ్చి నోరు మూసుకున్నాను. దారి తెలిసి కూడా చెప్పకుండా కూర్చోవడం ఆడటం కన్నా కష్టం. ఆమె మూడు రోజుల్లో కనుక్కుంది. ఆ మధ్యాహ్నం నా కట్టు మీద పడిన దెబ్బకు నాకు నొప్పే తెలియలేదు.

పదకొండో గదిలో అసలు తలుపే లేదు. నాలుగు గుంతలు, పైన ఎగిరే గబ్బిలాలు, చుట్టూ గోడలు. ప్రతి రాయీ కొట్టాం, ప్రతి మూలా నిలబడ్డాం. వారం గడిచింది. నా కట్టు విప్పేశారు, డ్యూటీలో చేరాను. ఇంటి తాళం అక్కకిచ్చి, "నువ్వు ఆడుతూ ఉండు," అన్నాను.

నాలుగో రోజు క్యాంటీన్‌లో వరుసలో నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"దాటేసినాను," అంది అక్క. ఊపిరి ఎగబోస్తోంది.

"ఎట్లా?"

"చెప్పేదా, వద్దా?"

చెప్పమనాలని నోటి దాకా వచ్చింది. వెనక ఉన్నావిడ ముందుకు జరగమని ప్లేటుతో పొడుస్తోంది. "వద్దక్కా," అన్నాను.

దానికి నాకు ఆరు రోజులు పట్టింది. సాయంత్రాలు నేను ఆడుతుంటే అక్క అనపకాయలు ఒలుచుకుంటూ, నా ముఖం చూసి నవ్వు ఆపుకునేది. ఆ ఆరు రోజుల్లో ఆమె మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. ఆదివారం మధ్యాహ్నం గబ్బిలాలను లెక్కపెడుతుంటే తట్టింది. మూడు గుంతల మీదా గబ్బిలాలు తిరుగుతున్నాయి, నాలుగో దాని మీద ఒక్కటీ లేదు. మొదటి గది నుంచీ గుంతలో పడకుండా ఉండటమే నేర్చుకుంటూ వచ్చాను కాబట్టి, కావాలని దూకాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ నాలుగో గుంతలోకి దూకించాను. మనిషి చావలేదు. దీపంతో సహా మెల్లగా కిందికి దిగి, కొత్త గదిలో నిలబడ్డాడు.

నేను ఏడ్చేశాను. ఒక ఆటకు ఏడవడమేమిటని సిగ్గేసింది కూడా. అక్క అనపకాయల చేట పక్కకు పెట్టింది.

"నేను కోపమొచ్చి దూకించినాను," అంది. "ఎట్లా తోవ లేదు, చావనీ అనుకున్నాను. గబ్బిలాల సంగతి నేను చూడలేదమ్మా. నువ్వే బాగా కనుక్కున్నావు."

ఇప్పుడు పద్నాలుగో గదిలో ఉన్నాం. ఎన్ని గదులున్నాయో ఇద్దరికీ తెలియదు. రెండు వారాలుగా అక్కడే తిరుగుతున్నాం. నిన్న అక్క పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, రాత్రంతా ఆలోచించినానంటూ నేరుగా టీవీ ముందు కూర్చుంది. ఆ ఆలోచన కూడా పనిచేయలేదు.