గోడమీద నేను అతికించిన వరుస

పోయిన వారం ఛాతీ ఎక్స్‌రే కోసం మదనపల్లె వెళ్ళినప్పుడు, యంత్రం పక్క గోడమీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి అతికించిన కాగితం కనబడింది. చొక్కా విప్పమంటున్నా కదలక దాన్నే చదువుతూ నిలబడిపోయాను. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, ఆ ఊళ్ళోనే, అలాంటి కాగితం ఒకటి నేనూ రాశాను.

అప్పుడు నేను డిప్లొమా చేతబట్టుకుని పుంగనూరు నుంచి వచ్చిన కుర్రవాణ్ణి. ఆసుపత్రిలో ఎక్స్‌రే గది అటెండరుగా ఉన్న మా మేనమామ, పెద్ద డాక్టరుగారిని బతిమాలి నాకు ఆ గదిలోనే ఉద్యోగం ఇప్పించాడు. యంత్రం జర్మనీది, దాని పుస్తకమూ జర్మన్‌లోనే. బిగించినవాళ్ళు యుద్ధం రాగానే వెళ్ళిపోయారు. నేనొక పాత నిఘంటువు సంపాదించి, ఆ భాష వచ్చునని గొప్పలు చెప్పి, పన్నెండు అంశాల పట్టిక తయారుచేసి గోడకు అతికించాను.

ఆ జర్మన్ పుస్తకంలో వాక్యాలు బారెడు పొడుగు. ముందు చెప్పిన పని నిజానికి తర్వాత చేయవలసిందని చివరికొస్తే గాని తెలియదు. మన తెలుగులోనూ సంగతి తేలేది చివరనే కదా, మా అమ్మ చెప్పే ఏ కబురైనా ఆఖరుదాకా వినేవాణ్ణి కదా, అక్కడ మాత్రం ఆగలేకపోయాను. మాటలు వచ్చిన వరుసలోనే అంకెలు వేసుకుంటూ పోయాను. ఏడు: కరెంటు స్విచ్చి వేయాలి. ఎనిమిది: ఎక్స్‌రే గొట్టాన్ని చల్లబరిచే తొట్టిలో నీళ్ళు నింపాలి.

మామకు చదువు లేదు, చేతి అలవాటే. "నీళ్ళు ముందు గదప్పా, యాల మార్చినావు?" అన్నాడు. పుస్తకం కన్నా నీకెక్కువ తెలుసా అని నర్సుల ముందే అన్నాను. ఆయన నవ్వి, "సరేప్పా, జర్మనీ దొర చెప్పినాక మనదేముండాది" అంటూ స్విచ్చి వేశాడు. కాసేపటికి గొట్టం వేడెక్కి పగిలింది. యుద్ధంలో మరొకటి వచ్చే దారి లేదు. వరండాలో దగ్గుతూ కూర్చున్నవాళ్ళంతా ఫిల్ము లేకుండానే తిరిగి వెళ్ళారు.

డాక్టరుగారు వచ్చేలోపల కాగితం పీకి జేబులో పెట్టుకున్నాను. నీళ్ళు పోయడం మరిచాడని మామను పనిలోంచి తీసేశారు. ఆయన గది తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు కుప్పం స్టేషన్లో మూటలు మోస్తూ కనిపించాడు. "మామా, ఆ కాగితం నేనే..." అని మొదలుపెట్టాను.

"బండి కదలతాండాది, ఎక్కప్పా. నన్ను ఈడ సూసినావని మీయమ్మకు చెప్పొద్దు" అన్నాడు. ఎక్కాను.

ఇప్పటి యంత్రాలకు తొట్టి లేదు, నీళ్ళు లేవు. వరుస తప్పితే వాటంతట అవే ఆగిపోతాయట. మామ పోయి చాలా ఏళ్ళయింది. గోడమీది కాగితాన్ని ఆఖరి అంశం దాకా చదివాను. ఆనాటి నా మాట మాత్రం ఇంకా 'నేనే' దగ్గరే ఆగి ఉంది.