మధ్యాహ్నం మాత్ర మొండికేసింది

ఆ వీధిలో పాత సోఫాలు విప్పి కొత్త గుడ్డ వేసే ఆయన్ని అందరూ కుషన్ బాబాయ్ అనేవారు. ఎవరి సోఫా అయినా కిర్రుమంటోందంటే, ఆ కిర్రు ఎక్కడిదో తేలేదాకా ఆయనకు అన్నం సహించదు. "కూర్చున్నప్పుడు అరుస్తోందా, లేచేటప్పుడా?" అని అడిగితే సోఫా తెచ్చినవాళ్లు తెల్లమొహం వేసేవారు.

అలాంటి మనిషికి ఎడమవైపు పక్కటెముకల మీద అక్కి లేచింది. పొక్కులు మాడిపోయాయి, చర్మం మామూలైంది, మంట మాత్రం పోలేదు. చొక్కా తగిలితే చాలు, ముళ్లకంపతో గీరినట్టుండేది. జీవితమంతా గుడ్డతోనే గడిపినవాడికి మెత్తటి నూలుగుడ్డ ఒంటిని ఇలా ఎందుకు కరుస్తోందో అంతుపట్టలేదు. బాధ ఒకపక్క, వింత ఒకపక్క. కొట్లో ఉన్న గుడ్డముక్కలన్నీ ఒక్కొక్కటే నొప్పి చోట ఆనించి చూసుకున్నాడు.

"ఇదిగో, విన్నావా? వెల్వెట్టే ఎక్కువ మండిస్తోంది. గోనెపట్టా గట్టిగా అదిమినా అంత లేదు!"

"చాల్లెండి మీ పరిశోధన. ముందు డాక్టరు దగ్గరికి పదండి," అంది భార్య.

డాక్టరు నరాల నొప్పికి మాత్రలు రాశాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. నొప్పి ఉన్నా లేకపోయినా వేళకు పడాల్సిందే అన్నాడు. మొదట్లో కాస్త తల తూలినట్టుండేది, తర్వాత అదే సర్దుకుంది. పొద్దుటి మాత్ర చెప్పినమాట వినేది. రాత్రి మాత్ర హాయిగా నిద్రపట్టనిచ్చేది. మధ్యాహ్నానిదే పేచీ. కొట్లో దీపాలు వేసే వేళకు పక్కటెముకల మీద నిప్పులు పోసినట్టయ్యేది.

"అన్నీ ఒకే అట్టలోవి కదా, మధ్యాహ్నం దానికేం రోగం?"

బాబాయ్ పట్టు వదల్లేదు. స్ప్రింగులు బిగించే బరువు పని పొద్దుటికి మార్చాడు. నేలమీద కూర్చోవడం మానేసి బల్ల వేసుకున్నాడు. వదులు చొక్కా తొడిగాడు. సాయంత్రం మంట మాత్రం ఠంచనుగా వచ్చేది. విసుగెత్తి ఒకరోజు రెండు మాత్రలు అరచేతిలో వేసుకుంటుంటే భార్య చెయ్యి పట్టుకుంది.

"రెండు మింగితే రెండింతలు తగ్గుతుందని ఎవరు చెప్పారు మీకు? వెళ్లి అడిగి రండి."

మూతి ముడుచుకునే మందుల షాపుకు వెళ్లాడు. అక్కడి అమ్మాయి అంతా విని, "రెండు ఒకేసారి ఎప్పుడూ వేసుకోకండి బాబాయ్, కళ్లు తిరిగి పడతారు. మధ్యాహ్నం ఈ మాత్రతో పాటు ఇంకేమైనా మింగుతున్నారా?" అంది.

"అన్నం."

"అన్నం కాదు, మందులు."

"ఇంకేం లేవమ్మా. తిన్నాక ఛాతీలో మంటగా ఉంటుందని గ్యాస్ సిరప్పు ఓ మూతెడు తాగుతా. అదేం మందు, సున్నం నీళ్లలా ఉంటుంది."

ఆ అమ్మాయి చేతిలో ఉన్న డబ్బా పక్కన పెట్టింది. "మరి పొద్దున, రాత్రి తాగుతారా?"

"తాగను. మధ్యాహ్నమే..." అంటూ ఆగిపోయాడు బాబాయ్. కళ్లు పెద్దవయ్యాయి.

"అదీ సంగతి అయ్యుండొచ్చు. కడుపులో ఆ సిరప్పు ఉంటే ఈ మాత్ర ఒంటికి పూర్తిగా పట్టదు. సిరప్పు తాగాక రెండు గంటలు ఆగి మాత్ర వేసుకోండి. డాక్టరుగారికి కూడా ఓ మాట చెప్పండి."

"ఏ సిరప్పైనా అంతేనా? మాత్రే ముందు వేసుకుంటే? పాలు తాగితే?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. వెనకాల నిలబడ్డవాళ్లు గొణగడం మొదలుపెట్టాకగాని కదల్లేదు.

డాక్టరు కూడా సరేనన్నాడు. మర్నాటి నుంచి భోజనం తర్వాత సిరప్పు, సాయంత్రం టీకి కాస్త ముందు మాత్ర. మొదటిరోజు దీపాలు వేసే వేళకు బాబాయ్ పని ఆపేసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. భార్య గుమ్మంలోంచి తొంగిచూసింది.

"ఏమంటోంది మీ మంట?"

"వచ్చింది. కానీ గొంతు తగ్గించింది."

ఆమె నవ్వేసింది. మంట పూర్తిగా పోవడానికి నెలలు పట్టింది. చివర్లో డాక్టరు మాత్రల్ని ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాడు. అలా ఎందుకని బాబాయ్ అడగడమూ, డాక్టరు ఓపిగ్గా చెప్పడమూ జరిగాయి. ఆఖరి మాత్ర అయిపోయిన వారానికి ఆయన ఇస్త్రీ చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని, కొత్త గుడ్డ వేసిన సోఫాతో పాటు బండెక్కి, దాన్ని ఇంటివాళ్లకు తానే అప్పగించి వచ్చాడు.